హాస్టల్ కమిటీ పెద్దలకు: అంతస్తులు సరే, మంచాలెన్ని?

గౌరవనీయులైన హాస్టల్ పాలక కమిటీ అధ్యక్షులు, కార్యదర్శి గార్లకు, సభ్యులందరికీ నమస్కారం.

నేను కాచిగూడలో మీ హాస్టల్ వెనక వీధిలో ఉంటాను. మీది కుల సంఘం నడిపే హాస్టల్; నేను మీ కులం కాదు, మీ సంఘంలో సభ్యురాలినీ కాదు. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. మధ్యలో ఈవిడకేం పని అని మీరు అడగొచ్చు. పాత హాస్టల్ కూల్చి కాంప్లెక్స్ కడతారన్న ప్లాన్ మా కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో వేరే మాట లేదు. మీకు వ్యతిరేకంగా జీహెచ్‌ఎంసీకి అర్జీ రాసి కొందరు ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకుంటున్నారు. మా ఇంటికీ వచ్చారు. నేను పెట్టలేదు. అలాగని మీ ప్లాన్‌కి చప్పట్లు కొడుతున్నాననుకోవద్దు. మీ ప్లాన్, వాళ్ల అర్జీ రెండూ చదివాను. అసలు లెక్క రెండింట్లోనూ లేదు. అందుకే ఈ ఉత్తరం మీ ఒక్కరికే కాకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

బిల్డింగ్ పని అయిపోయిందన్న మీ మాట నిజం. ఏటా వానాకాలంలో వరండా స్లాబ్ పెచ్చులు ఊడి పడుతున్నాయి, ఊచలు బయటపడి తుప్పుపట్టాయి. బాత్రూముల గోడలో మొలిచిన రావిచెట్టు కాండం నా వంటింటి కిటికీలోంచి చూస్తే ఇప్పుడు నా ముంజేతి మందం ఉంది. ఆ పైకప్పు కింద పిల్లల్ని పడుకోబెట్టడం తప్పు. పాతదాన్ని ముట్టుకోవద్దు, అది మన జ్ఞాపకం అనేవాళ్లు ఒక్క రాత్రి ఆ గదుల్లో పడుకుని వచ్చి మాట్లాడితే బాగుంటుంది. కూల్చండి, కొత్తది కట్టండి. నా పేచీ ఆ తర్వాతి సంగతితో.

మీ ప్లాన్ రంగు బొమ్మలో కింద సెల్లార్, దాని మీద రెండు అంతస్తుల షోరూములు, ఆపైన బాంకెట్ హాలు, తర్వాత ఆఫీసులకు అద్దెకిచ్చే అంతస్తు, అన్నిటికంటే పైన ‘హాస్టల్ బ్లాక్’ అని ఉన్నాయి. షోరూముల అద్దాలు, లిఫ్టులు, ముందు ఆగిన కార్లు చాలా అందంగా గీశారు. హాస్టల్లో ఎంతమంది ఉంటారో మాత్రం ఎక్కడా రాయలేదు. పాఠం చెప్పిన అలవాటు పోదు కదా, కళ్లజోడు పెట్టుకుని పై అంతస్తులో గదుల డబ్బాలు లెక్కపెట్టాను. పద్దెనిమిది వచ్చాయి. గదికి ముగ్గురనుకుంటే యాభై నాలుగు మంది. ఇప్పుడు మీ దగ్గర నూటికి పైగా పిల్లలున్నారు. అంటే బిల్డింగ్ మూడింతలు పెరిగి హాస్టల్ సగానికి తగ్గుతుందన్నమాట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టే ఉంది ఇది. నా లెక్క తప్పయితే సరైన లెక్క మీరే చెప్పండి, సంతోషంగా దిద్దుకుంటాను.

ఈ హాస్టళ్లన్నీ కాచిగూడ, నారాయణగూడ, హిమాయత్‌నగర్ చుట్టూనే ఎందుకు లేచాయో మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ మీ కమిటీలో కొత్తగా వచ్చిన కుర్రవాళ్ల కోసం రాస్తున్నాను. కాచిగూడ స్టేషన్ 1916 నాటిది. పాలమూరు వైపు రైళ్లయినా నిజామాబాద్ వైపు రైళ్లయినా అక్కడే ఆగేవి. నిజాం కాలంలో జిల్లాల్లో హైస్కూళ్లే తక్కువ, కాలేజీ చదువంటే పట్నం రావాల్సిందే. చదువుకోవాలన్న పిల్లాడికి పట్నంలో చుట్టం లేకపోతే చదువు అక్కడితో ఆగిపోయేది. సీటు దొరికినా తల దాచుకునే చోటు దొరికేది కాదు. ఆ లోటు చూసే 1918లో, కొత్వాల్‌గా (నగర పోలీసు అధిపతిగా) పేరుపడ్డ వెంకటరామారెడ్డి గారు రెడ్డి హాస్టల్ పెట్టారు. తర్వాత గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ హాస్టల్ బాధ్యతలు చూసినవారే. దారి పడ్డాక మిగతా కులాల పెద్దలూ తమ పిల్లల కోసం తలా ఒకటి కట్టుకున్నారు. కుల హాస్టళ్ల మీద నాకు అభ్యంతరాలున్నాయి, అవి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఏ కులం వాళ్లు కట్టినా ఊరి నుంచి వచ్చిన పిల్లాడికి మంచం, రెండు పూటలా అన్నం దొరికాయన్నది మాత్రం ఎవరూ కాదనలేరు.

మీ మెస్ హాలుకు వెళ్లే వరండా గోడకున్న రాళ్లు ఈమధ్య ఎప్పుడైనా చదివారా? సంక్రాంతి ముగ్గుల పోటీకి జడ్జిగా పిలిస్తే వచ్చి, నేను చదివాను. ఫలానా ఊరి ఫలానా వారు తండ్రి జ్ఞాపకార్థం 516 రూపాయలు, ఇంకొకరు 1,116, గది మొత్తం కట్టించిన వారి పేరు గది గుమ్మం మీద. ఒక రాయి మీద మనిషి పేరే లేదు. ఊరి పేరు, దాని కింద ‘గ్రామస్థులు, 116’ అని మాత్రం చెక్కి ఉంది. ఆ 116 కోసం ఎన్ని ఇళ్లు తలుపు తట్టి ఉంటారు! ఆ డబ్బు పిల్లల గదులకిచ్చింది. మొబైల్ షోరూముకీ రిసెప్షన్ హాలుకీ ఇచ్చింది కాదు. సొసైటీల చట్టం ఇంకా గట్టిది. సొసైటీ రద్దయినా సరే, మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోవడానికి వీల్లేదంటుంది. ఆస్తికి కాపలా ఉండటమే మీ పని, అది ఎవరి సొంతమూ కాదు.

మీ జవాబు నాకు తెలుసు. ‘మేడమ్, మెస్ బిల్లులతో హాస్టల్ నడవడం లేదు, కింద అద్దెలొస్తే ఆ డబ్బుతో పైన పిల్లలకు ఉచితంగా పెడతాం’ అంటారు. ఎకనామిక్స్ చెప్పినదాన్ని, ఈ మాటను కొట్టిపారేయను. ఆస్తి ఉంది, ఆదాయం లేదు, దాన్ని సంపాదనలో పెట్టాలనడం తెలివైన ఆలోచనే. కానీ అద్దె రావడం ఒకటి, వచ్చిన అద్దె మెస్‌కి చేరడం ఇంకొకటి. అద్దెలో ఇంత వాటా హాస్టల్ ఖర్చులకే అని బైలాలో రాసి రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేస్తారా? లేకపోతే అద్దె పెరిగే కొద్దీ కమిటీ ఎన్నికల వేడి పెరుగుతుంది. ఈరోజు మీ సంఘంలో కార్యదర్శి పదవి అంటే తలనొప్పి, ఎవరూ ముందుకు రారు. నెలకు లక్షల అద్దె వచ్చే రోజున అదే పదవికి రెండు ప్యానెళ్లు తయారవుతాయి, మూడో ఏడాదికి కోర్టు వాయిదాలు మొదలవుతాయి. అక్కడ నలిగేది పై అంతస్తులో ఉండే పిల్లలే.

దీనికంటే నన్ను కలవరపెట్టేది ఇంకోటుంది. కాంప్లెక్స్ కట్టేది సంఘం డబ్బుతో కాదు, బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నారట. సగం సగం అనుకుందాం. బిల్డర్ తన సగం అమ్ముకుంటాడు. కొన్నవాళ్లకి షాపుతో పాటు నేలలో అవిభాజ్య వాటా (విడదీసి పంచలేని ఉమ్మడి వాటా) కూడా రిజిస్టర్ అవుతుంది. ఇవాళ ఆ రెండు వేల గజాలకు యజమాని ఒక్క సంఘమే. రేపు పాతికమంది అవుతారు. నలభై ఏళ్ల తర్వాత ఆ బిల్డింగూ పాతబడుతుంది కదా, అప్పుడు కూల్చి కట్టుకోవాలంటే ఆ పాతికమందీ, వాళ్ల వారసులూ సంతకం పెట్టాలి. ఊళ్ల నుంచి 116 రూపాయలు పోగేసి కొన్న నేల చేయి దాటిపోయినట్టే. అద్దెకిచ్చుకుంటారా, లీజుకిచ్చుకుంటారా, అది వేరే చర్చ. నేలలో అంగుళం కూడా అమ్మం అని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయండి. అది చేస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

ఇక కింద దుకాణాలు, పైన పడకలు అన్న ఏర్పాటు గురించి. దీని మీద నేను కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న బిల్డింగ్‌లో మంటలు లేచి 8 మంది పోయారు. మరుసటి ఏడాది మార్చిలో అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్ కాలి ఆరుగురు పోయారు. అందరూ ఊళ్ల నుంచి ఉద్యోగానికని వచ్చిన పిల్లలే. ఆ నవంబరులోనే నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద కెమికల్ డ్రమ్ములు, పైన కాపురాలు. కనీసం 9 మంది పోయారు. 2025 మేలో గుల్జార్ హౌజ్ దగ్గర కింద నగల దుకాణాలు, పైన ఇల్లు. 17 మంది, అందులో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ప్రతిసారీ ప్రాణం తీసింది మంటకంటే పొగే. పొగ పైకి పోతుంది, పైన ఉన్నవాళ్లకి దిగే దారి ఉండదు. మీ బొమ్మలో హాస్టల్‌కి వెళ్లే మెట్లు ఎక్కడున్నాయో చూశారా? షోరూముల లిఫ్టు పక్కనే, ఒకే ఒక్క మెట్ల దారి. రాత్రి పదింటికి షోరూములు షట్టర్లు దించేస్తాయి, బాంకెట్ హాల్లో పెళ్లి జరుగుతుంటుంది, వంట గ్యాస్ సిలిండర్లు అదే మెట్ల కింద ఉంటాయి. ఐదో అంతస్తులో పిల్లలు నిద్రపోతుంటారు. ఇంత రాస్తున్నందుకు నాకే టెన్షన్‌గా ఉంది.

ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం) తెస్తాం అంటారా, తేవాల్సిందే, కానీ నేనడిగేది కాగితం కాదు. హాస్టల్‌కి వేరే బ్లాకు, వేరే గేటు, బయటి గోడకు రెండో మెట్లు. షాపులుండాలనుకుంటే రోడ్డు వైపు ఒక్క వరుస కట్టుకోండి, వాటి నెత్తిన పడకలు వద్దు. బాంకెట్ హాలు ఆలోచన మానుకోండి. మన రోడ్డు ముప్పై అడుగులే, అది కూడా కాగితం మీద. చెత్త ఆటో ఆగితే వెనకాల స్కూలు బస్సు ఆగిపోతుంది. ముహూర్తాల రోజు రెండు వందల కార్లు ఎక్కడ పెడతారు? ఇంత సన్నటి రోడ్డు మీద 18 మీటర్లు దాటిన బిల్డింగ్‌కి 2012 నాటి బిల్డింగ్ రూల్స్ ఎలాగూ ఒప్పుకోవు కాబట్టి మీరు ఆ లోపే సర్దారు, అది గమనించాను. కానీ ఎత్తు రూల్‌కి లోబడినంత మాత్రాన వాడకం కూడా సరైపోయినట్టు కాదు. మన వీధి నివాస జోన్‌లో ఉందా, కమర్షియల్ రోడ్ల జాబితాలో ఉందా అన్న కాగితం ముందు బయట పెట్టండి.

తొందర పడుతున్నానని అనుకోవద్దు. 2020 చట్టం వచ్చాక పెద్ద బిల్డింగులకు కూడా సింగిల్ విండోలో 21 రోజుల్లో అనుమతి వచ్చేస్తోంది. ఇల్లు కట్టుకునే మామూలు మనిషికి అది వరమే, నేను తప్పు పట్టను. కాకపోతే మీ ఫైలు ఒకసారి ఆన్‌లైన్‌లో పడిందంటే మాట్లాడుకోవడానికి మనకి మిగిలేది ఆ మూడు వారాలే. ఆ తర్వాత మాట్లాడేది లాయర్లే. అందుకే ఫైలు పెట్టకముందే రాస్తున్నాను.

ఇప్పుడు మా కాలనీ వాళ్లతో కూడా రెండు మాటలు, కమిటీ పెద్దలు ఏమీ అనుకోకుండా వినండి.

అయ్యా, అమ్మా, మీ అర్జీలో మూడో పేరా చదివి నాకు సిగ్గేసింది. ‘హాస్టల్ విద్యార్థుల వలన కాలనీ ప్రశాంతతకు భంగం’ అట. పిల్లలు అర్ధరాత్రి గోడెక్కి ఫోన్లు మాట్లాడతారు, నిజం. వినాయక చవితికి డీజే పెట్టారు, నేనే పోయి తిట్టాను. ఆదివారం వాళ్ల మెస్ చికెన్ వాసనకు మన ఇంట్లో పప్పు చప్పబడుతుంది, అదీ నిజమే. కానీ అర్జీ మీద మొదటి పది సంతకాలు చూడండి. అందులో నలుగురి ఇళ్ల ముందు ‘జెంట్స్ పీజీ, ఏసీ/నాన్ ఏసీ, ఫుడ్ ఇంక్లూడెడ్’ బోర్డులు వేలాడుతున్నాయి. ముగ్గురుండే గదిలో మంచానికి ఆరు వేలు తీసుకునే చోట పిల్లలు ప్రశాంతంగా ఉంటారు, మెస్ బిల్లు మాత్రమే కట్టే చోట అల్లరి చేస్తారా? మన బాధ పార్కింగ్ అయితే పార్కింగ్ అని రాద్దాం. డ్రైనేజీ అయితే డ్రైనేజీ అని రాద్దాం. పాత పైపు లైను మీద ఐదంతస్తుల మురుగు వదిలితే మన గుమ్మాల్లోకే పొంగుతుందని రాద్దాం, దానికి నేనే మొదటి సంతకం పెడతాను. పిల్లలే అక్కర్లేదని రాస్తే మాత్రం నా పేరు దానికింద ఉండదు.

2020 మార్చి ఆఖరి వారం గుర్తుందా? లాక్‌డౌన్ అనగానే అమీర్‌పేట, ఎస్‌ఆర్ నగర్ వైపు ప్రైవేటు హాస్టళ్లు పిల్లల్ని ఉన్నపళంగా ఖాళీ చేయమన్నాయి. వేలమంది పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం క్యూ కట్టారు, పాసులతో బయల్దేరినవాళ్లు ఆంధ్రా సరిహద్దు దగ్గర రోడ్డు మీద పడిగాపులు పడ్డారు. ఆ వారంలో మన వెనకున్న హాస్టల్లో వంట మాస్టరు పొయ్యి ఆర్పలేదు. ఊరికి వెళ్లలేని పిల్లలకి రెండు పూటలా వండాడు, మనలో కొందరి ఇళ్లకి కూరగాయలు ఆ పిల్లలే తెచ్చిపెట్టారు. వ్యాపారం చేసేవాళ్లని తిట్టడానికి చెప్పడం లేదు, అద్దె కట్టుకునే వాళ్లకి వాళ్ల ఇబ్బందులు వాళ్లకుంటాయి. లాభం చూసుకోనక్కర్లేని చోటు ఒకటి వీధిలో ఉంటే ఏం జరుగుతుందో అప్పుడు మనం కళ్లారా చూశాం.

కమిటీ పెద్దలకు ఇంకో రెండు విషయాలు.

కట్టడానికి మూడేళ్లంటున్నారు. మన దగ్గర మూడేళ్లంటే ఐదు అనుకోవాలి. అప్పటిదాకా ఇప్పుడున్న పిల్లలు ఎక్కడికి పోతారు? ‘ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేయబడును’ అని మీ సర్క్యులర్‌లో ఒక ముక్క ఉంది. ఈ ‘చేయబడును’ అన్న మాట ప్రభుత్వ ఆఫీసుల్లో నేను ముప్పై ఏళ్లు విన్నాను. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నది అందులో ఉండదు. స్థలం పొడుగ్గా ఉంది కదా, వెనక బ్లాకు ముందు కూల్చి కట్టండి, పిల్లల్ని అందులోకి మార్చి ఆ తర్వాత ముందు బ్లాకు పట్టుకోండి. ఖర్చు కాస్త పెరుగుతుంది, బిల్డర్ మొహం చిట్లిస్తాడు. అయినా ఒక్క బ్యాచ్ చదువు కూడా రోడ్డున పడదు. గ్రూప్స్ కోసం రెండోసారి, మూడోసారి రాస్తూ చిక్కడపల్లి లైబ్రరీకి రోజూ నడిచి పోయే పిల్లలు మీ హాస్టల్లో ఉన్నారు. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం తిని, రాత్రి మీ మెస్‌లో తిని గడుపుతున్నారు. నెలకి ఆరు వేలు కట్టమంటే వాళ్లు పుస్తకం మూసి ఊరి బస్సెక్కుతారు.

రెండోది ఆడపిల్లల సంగతి. మీ హాస్టల్ మొదటి నుంచీ మగపిల్లలకే. ఆ కాలానికి అదే జరిగింది. కానీ 1928లోనే మాడపాటి హనుమంతరావు గారు ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే స్కూలు నిలబెట్టిన ఊరు మనది. ఇవాళ డిగ్రీ కాలేజీ క్లాసుల్లో సగానికి పైగా ఆడపిల్లలే ఉంటున్నారని నా జూనియర్లు చెబుతున్నారు. ఊళ్లలో తల్లిదండ్రులు కూతుర్ని పట్నం పంపకపోవడానికి మొదటి కారణం ఫీజు కాదు, ఎక్కడుంటుంది అన్న భయం. మీ సంఘం ఆడపడుచులు ఎంతమంది ఆ ఒక్క కారణంతో ఇంటర్ దగ్గర ఆగిపోయారో మీ ఇళ్లలోనే అడిగి చూడండి. బాంకెట్ హాలు స్థానంలో ఆడపిల్లలకో బ్లాకు వేయండి. పెళ్లిళ్లకి నగరంలో హాళ్లకి కొదవలేదు.

డబ్బెక్కడిది అంటారు. మీ హాస్టల్లో అన్నం తిని ఇవాళ డాక్టర్లు, ఇంజినీర్లు, ఆఫీసర్లు అయినవాళ్లు ఎంతమందో మీ పాత రిజిస్టర్లలో ఉంది. రంగు బొమ్మ వేయించడానికి పెట్టిన ఖర్చుతో ఆ రిజిస్టర్ టైప్ చేయించి, ఒక్కొక్కరికీ ఫోన్ చేయించండి. తలా ఒక గది కట్టించమనండి, లేదంటే తలా ఒక మంచం. మీ తాతలు 116 రూపాయలతో కట్టారు. మీరు బిల్డర్ లేకుండా కట్టలేమంటే నమ్మడం కష్టంగా ఉంది. అప్పటికీ తక్కువైతే రోడ్డు వైపు షాపుల అద్దె ఎలాగూ ఉంది.

వచ్చే నెల సర్వసభ్య సమావేశం పెట్టారని విన్నాను. నాకు అందులో ఓటు లేదు, ఆహ్వానం కూడా అడగను. దానికి వారం ముందు మూడు కాగితాలు గేటు దగ్గర నోటీసు బోర్డు మీద అతికించండి చాలు: బిల్డర్‌తో రాసుకున్న ముసాయిదా ఒప్పందం, అంతస్తుల వారీ ప్లాన్, కొత్త హాస్టల్లో మంచాల సంఖ్య. ఆ మూడో కాగితం మీద ఇప్పుడున్న సంఖ్య కంటే ఒక్కటైనా ఎక్కువ ఉంటే, కాలనీ అర్జీ పట్టుకుని తిరుగుతున్న వాళ్లందరితో నేనే కూర్చుని మాట్లాడతాను. తక్కువ ఉంటే మాత్రం జీహెచ్‌ఎంసీ జోనల్ ఆఫీసుకూ, సొసైటీల రిజిస్ట్రార్‌కూ వేరే అర్జీ నేనే రాస్తాను. అందులో ప్రశాంతత గురించి ఒక్క ముక్క ఉండదు.

ఇట్లు,
మీ వెనక వీధి నివాసి,
రిటైర్డ్ లెక్చరర్